నానమ్మ అడిగిన కాంప్లెక్సు

మొన్న నాన్నని చూడ్డానికి వెళ్తూ ఆమదాలవలసలో రైలు దిగాను. స్టేషను బయటికి రాగానే ఆటోలవాళ్ళు చుట్టుముట్టారు. "కాంప్లెక్సు, కాంప్లెక్సు! కాంప్లెక్సుకేనా అమ్మా?" అని ఒకడి మీద ఒకడు అరుస్తున్నారు. నా చెయ్యి దానంతటదే పక్కనున్న నా కూతురి మణికట్టు పట్టేసుకుంది. "అమ్మా, నొప్పి!" అని అది విదిలించుకునేదాకా నాకు తెలియనేలేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు కాంప్లెక్సు అంటే ఆర్టీసీ బస్టాండు. పసిపిల్లలక్కూడా తెలిసిన మాట. ఆ మాట వింటే గుండె దడదడలాడేది బహుశా ఆ రెండు జిల్లాల్లోనూ నాకొక్కదానికేనేమో.

అప్పుడు మేం రాయ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. కొత్త రాష్ట్రం వచ్చి, మా ఊరు రాజధాని అయిన కొత్త. ఎక్కడ చూసినా తవ్విన రోడ్లు, సిమెంటు బస్తాలు, సగం కట్టిన మేడలు. నాన్న గూడ్సు బండి గార్డు. ఇంట్లో ఎప్పుడుంటాడో, ఎప్పుడు పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడో చెప్పలేం. నాకు పన్నెండేళ్ళు, చెల్లికి నాలుగు. ఆ ఏడాది వానలు మొదలైన వారానికే అమ్మకి ఆపరేషను చెయ్యాలన్నారు. బిలాస్‌పూర్ ఆస్పత్రిలో చేర్చారు. పెద్దమ్మ వచ్చి అమ్మ దగ్గరుంది. మమ్మల్ని చూసుకోడానికి నాన్న ఊరు నుంచి నానమ్మని తీసుకొచ్చాడు.

నానమ్మ అంతకుముందు రైలెక్కింది లేదు. ఒక జిప్పు సంచి, ఒక ఆవకాయ డబ్బా, గుడ్డ మూటలో చోడి పిండి, అంటే రాగి పిండి, కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు పట్టుకుని దిగింది. దిగిన మర్నాడే చోడి అంబలి కాచింది. చెల్లి గ్లాసుడు తాగి మూతి మీద నల్లటి మీసంతో ఇల్లంతా తిరిగింది. ఇక ఆ రోజు నుంచి అది నానమ్మ కొంగు వదల్లేదు. నేను మాత్రం ముక్కు మూసుకున్నాను. మా కాలనీ పిల్లలు పొద్దున్నే పోహా, జిలేబీ తినేవాళ్ళు. నాకూ అదే కావాలి.

"ఏటే గుంటా, ఇక్కడ జంక్షనెక్కడుందే? కూరలకెల్లాల," అని అడిగింది నానమ్మ రెండో రోజు.

"జంక్షన్ అంటే ఇక్కడ రైల్వే స్టేషను నానమ్మా. నాలుగు రోడ్లు కలిసేదాన్ని చౌక్ అంటారు."

"సౌకా? అక్కడ అన్నీ సౌకగా దొరుకుతాయేటి?"

నేను ఆ మాట మా బళ్ళో చెప్తే అందరూ పడీపడీ నవ్వారు. సాయంత్రం స్నేహితురాళ్ళని ఇంటికి తీసుకొచ్చి మరీ నానమ్మ చేత ఆ మాట మళ్ళీ అనిపించాను. ఆమె మా నవ్వు చూసి తనూ నవ్వింది.

ఆ కాలనీలో అంతేలెండి. మా వరసలో మూడు తెలుగిళ్ళు ఉండేవి. జనం పోగయ్యే చోటుని మేం జంక్షన్ అనేవాళ్ళం, బెజవాడ వాళ్ళు సెంటరనేవారు. కరీంనగర్ నుంచి వచ్చిన మామ, అంటే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే ఆయన, చౌరస్తా అనేవాడు. నలుగురు కూచుని కబుర్లు చెప్పుకునే టీకొట్టు ఆయనకి అడ్డా. తెల్లారే కూలీలు పని కోసం వచ్చి నిలబడే చోటుని ఊళ్ళో చావడీ అనేవారు. ఆ ఒక్క మాట విని నానమ్మ ముఖం వెలిగిపోయింది. "సావిడే గదేటి! మన మాటే!" అంది. తీరా ఒకనాడు అటు వెళ్ళి చూస్తే అక్కడ అరుగూ లేదు, పెద్దమనుషులూ లేరు. తట్టా పారా పట్టుకుని వానలో తడుస్తూ జనం. తిరిగొచ్చి, "ఈళ్ళ సావిట్లో కూసోడానికి సోటే లేదే" అని చాలాసేపు బాధపడింది.

ఇంకోసారి నేను లెక్కలు చేసుకుంటుంటే అడిగింది. "ఈ ఊల్లో కాంప్లెక్సు దూరమేటే?"

నేను తల ఎత్తలేదు. "రిక్షా వాడికి కాంప్లెక్స్ అని చెప్పు చాలు, తీసుకెళ్తాడు," అన్నాను. ఆమె ఎందుకు అడిగిందో, ఏం అడిగిందో కూడా నేను ఆలోచించలేదు.

వానలు పట్టుకున్నాయి. బట్టలు ఆరవు. నానమ్మ నా స్కూలు బట్టలు వంటింట్లో తాడు మీద ఆరేసింది. ఆ తాడు కిందే పొయ్యి మీద నెత్తళ్ళు వేయించింది. శుక్రవారం నాడు బళ్ళో నా పక్కన కూచునే అమ్మాయి ముక్కు మూసుకుని లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకో అమ్మాయి. సాయంత్రం దాకా ఆ బెంచీ మీద నేనొక్కదాన్నే కూచున్నాను.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. నానమ్మ జడ వెయ్యడానికి దువ్వెన పట్టుకుని వచ్చింది. నేను ఆ చెయ్యి తోసేశాను.

"నువ్వు ముట్టుకోకు! నువ్వొచ్చాకే ఇల్లంతా కంపు. నీ మాట ఇక్కడ ఒక్కళ్ళకీ తెలీదు, నీ వల్ల నాకు సిగ్గుగా ఉంటోంది. మీ ఊరు నువ్వు వెళ్ళిపో!"

నానమ్మ దువ్వెన కిటికీలో పెట్టింది. "అలగేలే. ఎల్తానులే. నువ్వు బడికి బేగెల్లు, వొరసం ఒస్తాది," అంది. గొంతులో కోపం లేదు. ఆ సంగతి బడికి వెళ్ళే దారంతా నన్ను ఇబ్బంది పెట్టింది. బడి గేటు దాటాక మర్చిపోయాను.

పన్నెండున్నరకి ఇంటికొస్తే తలుపుకి తాళం.

మేం కాకీ అని పిలిచే పక్కింటావిడ అక్కడి ఊళ్ళావిడే, ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడేది కాదు. తాళంచెవి చేతిలో పెడుతూ, "తోర్ డోకరీ దాయీ రిక్షా మ బైఠ్ కే గే హే, నోనీ. ఛోటీ ఘలో సంగ్ మ హే," అంది. మీ నానమ్మ రిక్షా ఎక్కి వెళ్ళింది, చిన్నది కూడా ఆమెతోనే ఉంది అని.

"కహాఁ?" అన్నాను.

"కోన్ జనీ. కాంపలస్, కాంపలస్ కహత్ రిహిస్." ఎక్కడికో ఏమో, కాంప్లెక్సు, కాంప్లెక్సు అంటోంది అని.

తలుపు తీసి లోపలికి పరిగెత్తాను. మేకుకి తగిలించి ఉండే జిప్పు సంచి లేదు. దండెం మీద నానమ్మ చీరలు లేవు. గుమ్మం పక్కన చెల్లి రబ్బరు చెప్పులు లేవు. పొయ్యి గట్టు మీద అన్నం గిన్నె మీద మూత, మూత మీద బరువుకి రోకలిబండ పెట్టి ఉన్నాయి. ఇల్లు శుభ్రంగా ఊడ్చి ఉంది.

కాంప్లెక్సు అంటే బస్టాండు. అంటే నానమ్మ ఊరికి బయల్దేరింది. నేను వెళ్ళమన్నాను కాబట్టి. దార్లో ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేని మనిషి, నాలుగేళ్ళ పిల్లతో.

మామ వాళ్ళ తలుపు బాదాను. ఆయన వర్క్‌షాపు బట్టలు తొడుక్కుని మధ్యాహ్నం షిఫ్టుకి బయల్దేరుతున్నాడు.

"ఏమైందే బిడ్డా? గట్ల వణుకుతున్నవేంది?"

చెప్పాను. నేనన్న మాటలు తప్ప అన్నీ చెప్పాను.

"కాంప్లెక్స్ అంటే బస్టాండేనా? మంచిగ తెలుసా నీకు?"

"తెలుసు మామా. మా వైపు అలాగే అంటారు."

ఆయన డ్యూటీ మానేశాడు. "నడువ్, పండ్రీ బస్టాండ్ల జూద్దాం," అని నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. వాన సన్నగా మొదలైంది. ఆయన చొక్కా వీపు పట్టుకుని, రోడ్డు మీద వెళ్ళే ప్రతి రిక్షాలోకీ తొంగి చూస్తూ వెళ్ళాను. ప్రతి ముసలమ్మా నానమ్మలాగే కనిపించింది.

ఇప్పుడు పండ్రీలో ఆ బస్టాండు లేదు, ఊరి బయటికి మార్చేశారు. అప్పట్లో అది ఎంత రద్దీగా ఉండేదో! బురద, డీజిలు పొగ, తడిసిన గోనెసంచుల వాసన, ఉప్పూకారం చల్లిన జామకాయలు, ఉడికించిన శనగల మీద ఆవిరి. "మహాసముంద్, సరాయ్‌పాలీ! ధమ్‌తరీ, ధమ్‌తరీ!" అని కండక్టర్లు బస్సుల పక్కలు బాదుతూ అరుస్తున్నారు. ఆ మధ్యలో నేను "నానమ్మా! నానమ్మా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

బెంచీలన్నీ చూశాం. ఆగి ఉన్న బస్సులెక్కి సీటు సీటూ చూశాం. మరుగుదొడ్ల దగ్గరా, టిక్కెట్ల కిటికీల దగ్గరా అడిగాం. చివరికి టీకొట్టు ఆమె గ్లాసులు కడుగుతూ తల ఊపింది. ముసలమ్మా, చిన్నపిల్లా, చేతిలో సంచీ. అరగంట కిందట మహాసముంద్ బస్సెక్కారట.

"ఏం మాట్లాడిందామె? తెలుగా?" మామ హిందీలో అడిగాడు.

ఆమె మాట్లాడలేదట. ఊరికే కిటికీ పక్కన కూచుందట.

మామ ముఖం చూశాను. మహాసముంద్ దాటితే ఒరిస్సా. అటు నుంచి రాయగడ, పార్వతీపురం. మా ఊరికి రోడ్డు దారి అదే. ఆయనకీ అదే తోచింది. ఒక పరిచయస్తుడి స్కూటరు అడిగి తెచ్చాడు.

"మందిర్ హసౌద్ల దొరకకుంటే ఆరంగ్ దనుక పోత. నువ్వు గీ టీకొట్టు కాడ్నే కూసో. ఎవలు పిలిచినా పోకు. సమజైందా?"

తల ఊపాను. స్కూటరు బస్సుల మధ్య నుంచి దూరి మాయమైంది. టీకొట్టు ఆమె నాకు ఒక స్టూలు వేసి, అడక్కుండానే గ్లాసులో టీ పోసింది. అల్లం ఎక్కువ వేసిన టీ. రెండు చేతులతో పట్టుకున్నాను గానీ తాగలేకపోయాను.

ఎంతసేపు కూచున్నానో తెలీదు. బస్సులు వెళ్తున్నాయి, వస్తున్నాయి. వాన పెరిగింది. సాయంత్రానికి నాన్న ఇంటికొస్తే ఏం చెప్పాలి? ఆస్పత్రిలో అమ్మకి ఎవరు చెప్తారు? చెల్లికి ఆకలేస్తే నానమ్మ ఏమని అడుగుతుంది? అన్నం అన్న మాట కూడా ఇక్కడ వేరే. ఒక రిక్షా అతను ఎవరినో దింపి, టీకొట్టు చూరు కింద నిలబడి తల తుడుచుకున్నాడు. "కహాఁ సే ఆ రహే హో?" అని, ఎక్కణ్ణించి వస్తున్నావని టీకొట్టు ఆమె అడిగింది. "కాంప్లెక్స్ సే," అన్నాడతను.

నేను లేచి నిలబడ్డాను. టీ ఒలికి పాదాల మీద పడింది.

"కౌన్ సా కాంప్లెక్స్?" ఏ కాంప్లెక్సని అడిగాను.

అతను వింతగా చూశాడు. "దేవేంద్ర నగర్ వాలా. నయీ దుకానేఁ."

కొత్త దుకాణాలు. షాపింగు కాంప్లెక్సు. ఆ క్షణంలో నాకు లెక్కల పుస్తకం, తల ఎత్తకుండా నేను చెప్పిన జవాబూ కళ్ళ ముందుకొచ్చాయి. నానమ్మ ఆ మాట ఏ అర్థంలో అందో నేను సరిగ్గానే అనుకున్నాను. కానీ ఆ మాట విన్నది నేను కాదు, రిక్షా అతను. అతనికి కాంప్లెక్స్ అంటే బస్టాండు ఎందుకవుతుంది?

"పొద్దున్న ఒక ముసలమ్మని ఎక్కించుకున్నావా? చిన్నపిల్ల ఉంది," అని హిందీలో అడిగాను. తను కాదన్నాడు. కానీ రైల్వే కాలనీ వైపు నుంచి కాంప్లెక్స్ అంటే ఎవరైనా అక్కడికే తీసుకెళ్తారన్నాడు.

మామ కదలొద్దన్నాడు. టీకొట్టు ఆమె కూడా చెయ్యి పట్టుకుంది. "మామ వస్తే దేవేంద్ర నగర్ కాంప్లెక్స్ అని చెప్పండి," అన్నాను. ఆమె ఒక నిమిషం నా ముఖంలోకి చూసి, తన ప్లాస్టిక్ పట్టా నా తల మీద కప్పి వదిలింది.

దారంతా పరుగే. చెప్పు తెగితే చేత్తో పట్టుకున్నాను. దేవేంద్ర నగర్లో ఆ కాంప్లెక్సు మూడంతస్తుల మేడ. సగం దుకాణాలకి షట్టర్లు, సగానికి ఇంకా ఇటుకలు. ముందు మెట్ల మీద ఎవరూ లేరు. కింద దుకాణాలన్నీ చూశాను. పై అంతస్తులోకి ఎక్కాను. అక్కడ రంగు డబ్బాలు, ఒక కుక్క తప్ప ఏమీ లేవు. కిటికీ లేని కంతలోంచి కిందికి చూసి, ఇక్కడా లేకపోతే నేనూ ఇంటికి వెళ్ళను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

కిందికొచ్చి వాచ్‌మన్‌ని అడిగాను. "ఏక్ బుఢియా థీ," అన్నాడు, ఒక ముసలామె ఉండేదని. పొద్దున్నుంచి మెట్లకడ్డంగా కూచుంటే లేపేశాడట. ఎటు వెళ్ళిందో అతను చూడలేదు.

మేడ వెనక్కి వెళ్ళాను. అక్కడ రేకుల షెడ్డు ఉంది. స్కూటర్లు, సైకిళ్ళు పెట్టుకునే చోటు. స్తంభాల మీద నంబర్లు రాసి ఉన్నాయి. మూడో నంబరు స్తంభానికి వీపు ఆనించి నానమ్మ కూచుని ఉంది. ఒళ్ళో చెల్లి నిద్రపోతోంది. దాని మీద నానమ్మ సంచిలోని పొడి చీర కప్పింది. తను మాత్రం పూర్తిగా తడిసిపోయి ఉంది.

"నానమ్మా."

ఆమె తలెత్తింది. "వొచ్చినావేటే? తాళంసెవి పక్కింట్లో ఇచ్చీసినాను, తీసుకున్నావా? అన్నం తిన్నావా?"

అన్నం తినలేదని తల అడ్డంగా ఊపాను.

"ఇదేటి కాంప్లెక్సే, పొద్దునకాణ్ణించి ఒక్క బస్సూ రాలేదు. మన కాంప్లెక్సులో ఊరి బస్సు మూడో నెంబర్లో ఆగుతాది గదా, ఇక్కడే కూసున్నాను. ఈ సిన్నది ఒగ్గలేదే. నాను ఎల్తానంటే ఏడుపు, ఒకటే ఏడుపు. బస్సు సూసీసి ఎనక్కొచ్చీద్దామంటే ఊరుకున్నాది."

నేను ఆమె పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. క్షమించమని అనలేదు. ఆ మాట అనడం నాకు తెలీదు. తడిసిన చీరలో తల దూర్చితే నెత్తళ్ళ వాసన వచ్చింది. ఆమె నా జడ విప్పి, వానకి చిక్కుపడ్డ జుట్టు వేళ్ళతో విడదీస్తూ కూచుంది. మామ వచ్చేదాకా మేం అలాగే ఉన్నాం. ఆయన ఆరంగ్ దాకా వెళ్ళి ఆ బస్సుని అందుకున్నాడు. అందులో ఉన్నది మనవరాలితో పుట్టింటికి వెళ్తున్న ఎవరో ముసలామె. ఆయన ఒళ్ళంతా బురద. నానమ్మని చూసి, "లే పెద్దమ్మా, పోదాం," అని చెల్లిని భుజానికెత్తుకున్నాడు.

నాన్న మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వచ్చాడు. కాలనీ మొదట్లోనే ఎవరో చెప్పేశారు. గార్డు పెట్టె గుమ్మంలో పడేసి లోపలికొచ్చాడు. వాకిట్లో కాకీ ఉంది, మామ ఉన్నాడు, బెజవాడ వాళ్ళున్నారు.

"బుద్ధుందా అమ్మా నీకు? తెలీని ఊళ్ళో పిల్లనేసుకుని ఎక్కడికెళ్ళావ్? ఏదైనా అయితే? దాని తల్లి ఆస్పత్రి మంచం మీద ఉంది! మాకు సాయానికొచ్చావా, ప్రాణాలు తియ్యడానికొచ్చావా?"

నానమ్మ నేల చూపులు చూసింది. "పిల్లకి బస్సు సూపిద్దామనీ..." అంది.

"బస్సా! చీరలన్నీ సంచిలో సర్దుకుని బస్సు చూపించడానికెళ్ళావా?"

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. చెప్పమని కాదు. చెప్పకు అన్నట్టు, కనురెప్పలు చిన్నగా వాల్చింది. నేను తలుపు వెనక నిలబడి తలుపు రంగు గోటితో గీకుతూ ఉన్నాను. ఒక్క మాట చెప్తే అయిపోయేది. నాన్న నన్ను కొట్టేవాడు, అంతే. నేను చెప్పలేదు.

అమ్మ ఇంటికొచ్చిన వారానికి నానమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ రాయ్‌పూర్ రాలేదు. నాన్న పిలవలేదు, ఆమె అడగలేదు. సెలవులకి మేమే ఊరెళ్ళేవాళ్ళం. నేను వస్తున్నానని తెలిస్తే ఆమె నెత్తళ్ళు వండేది కాదు. ఎంత అడిగినా వండలేదు. నేను డిగ్రీలో ఉండగా పోయింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు కూడా పడగొట్టేశారు. నాన్న రిటైరై ఊళ్ళో ఉంటున్నాడు. మొన్న వెళ్ళినప్పుడు చెల్లి కూడా వచ్చింది. రాత్రి భోజనాల ముందు వాకిట్లో కూచుని ఆ రోజు గురించి అడిగాను. చెల్లికి షెడ్డు కొద్దిగా గుర్తుందట. "స్కూటర్లన్నీ బస్సు పిల్లలని చెప్పింది నానమ్మ. తల్లి మేతకెళ్ళిందీ, వచ్చేస్తాదీ అని. భలే ఉండేది," అని నవ్వి లోపలికి వెళ్ళింది.

అప్పుడు నాన్నకి చెప్పాను. ఇరవై ఏళ్ళకి పైగా దాచుకున్నది.

నాన్న నా వైపు తిరిగాడు. "ఏమన్నావు ఆ పొద్దున? ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

చెప్పాను. కంపు అన్నాననీ, సిగ్గన్నాననీ, వెళ్ళిపొమ్మన్నాననీ.

"నువ్వు ఇంట్లో, నాలుగు గోడల మధ్య అన్నావు," అన్నాడు నాన్న. "నేను వాకిట్లో, వీధందరి ముందూ అన్నాను." కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "అమ్మ అబద్ధం చెప్తోందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మా అమ్మకి అబద్ధం చెప్పడం రాదు. ఎందుకు చెప్తోందో అడగాలి కదా నేను? రాత్రంతా బండి మీద డ్యూటీ చేసి వచ్చాను, నిద్ర మీదున్నాను. అడగలేదు. తర్వాత అడుగుదామనుకున్నాను."

లోపల్నుంచి చెల్లి అన్నానికి రమ్మని పిలిచింది. మేమిద్దరం వస్తున్నామన్నాం గానీ, ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.